గడియ వెయ్యని మూత

ఆ వేసవిలో నేను మా ఆయన కట్టిన విమానం ఎక్కింది ఒక్కసారే. గాల్లో ఉన్నది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల గురించి ఊరు రెండు నెలలు మాట్లాడుకుంది.

మా ఆయన పేరు వర్లిన్. అయోవాలో మా ఊరి ధాన్యం గోదాంలో ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. విమానం తొమ్మిదేళ్ళపాటు కట్టాడు, ఇంటి వెనక షెడ్డులో. పెట్టెల్లో వచ్చిన అల్యూమినియం రేకులు, వాటిని కలిపే రివెట్లు కొన్ని వేలు. రివెట్ కొట్టాలంటే ఇద్దరుండాలి. బయటినుంచి ఒకరు యంత్రంతో కొడుతుంటే లోపలినుంచి ఇంకొకరు ఇనుపదిమ్మ అదిమిపట్టుకోవాలి. ఆ లోపలి మనిషిని నేను. పొద్దున్న ఆరింటికి వృద్ధాశ్రమం వంటింట్లో దిగి, అరవై మందికి గుడ్లూ ఓట్సు జావా చేసి, మధ్యాహ్నం భోజనాలు సర్ది, మూడింటికి ఇంటికొచ్చి విమానం తోకలోకి దూరేదాన్ని. వెల్లకిలా పడుకుని దిమ్మ పట్టుకున్నదాన్ని పట్టుకున్నట్టే కునుకు తీసేదాన్ని. "మార్లిస్, ఉన్నావా?" అని వర్లిన్ రేకు మీద తట్టేవాడు. ఉన్నాననేదాన్ని.

తన రాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని కాగితాలన్నీ టైపు చేసేదీ నేనే. ఎప్పుడేం చెయ్యాలో గుర్తుచెయ్యడానికి విమానంలో మోకాలి దగ్గర పెట్టుకునే జాబితాలు కూడా.

కొత్త విమానాన్ని మొదటి నలభై గంటలూ ఒంటరిగా నడిపి చూసుకోవాలి. జులై మూడో వారానికి వర్లిన్ ఆ నలభై గంటలూ పూర్తిచేశాడు. ఆ మరుసటి వారమే విస్కాన్సిన్‌లో ఏటా జరిగే విమానాల జాతర. ఇద్దరం మన విమానంలోనే వెళ్ళాలని తొమ్మిదేళ్ళుగా చెబుతూ వచ్చాడు. ఆ మంగళవారం నాకు సెలవు. పడుకుంటానన్నాను. పావుగంట చాలు, ఊరు చుట్టి వచ్చేద్దాం, జాతరకి ముందు నీకు అలవాటవ్వాలి కదా అన్నాడు. తన మొహం చూసి కాదనలేకపోయాను.

ఎండ మండిపోతోంది. రన్‌వేకి రెండు పక్కలా మొక్కజొన్న చేలు ఆవిరి కక్కుతున్నాయి. ఆ విమానానికి పైన ఒకటే పెద్ద అద్దపు మూత. ముందువైపు కీలు, వెనకవైపు మా ఇద్దరి తలల మధ్య గడియ. ఎక్కి కూర్చున్నాక మూత తల మీదికి దించుకుని గడియ తిప్పాలి. దించితే లోపల కుంపటి. అందుకని రన్‌వే మొదటిదాకా దాన్ని జానెడు ఎత్తి పెట్టుకునే వెళ్ళాం. నేను చేత్తో పట్టుకున్నాను.

అక్కడ ఆగాం. అప్పుడే రేడియోలో డెల్మార్ పలకరించాడు. డెల్మార్ ఒకప్పుడు పైర్లకి మందు చల్లే విమానం నడిపినవాడు, రన్‌వే దగ్గర మేం విమానం పెట్టుకునే షెడ్డు పక్కనే తన షెడ్డు. సాయంత్రం చేపలు వేయిస్తున్నాను, దిగాక ఇద్దరూ రండి అంటున్నాడు. వర్లిన్ నవ్వుతూ జవాబు చెబుతూనే మూత దించమని నాకు సైగ చేశాడు. దించాను. గడియ తిప్పడం తన పని. చెయ్యి అటు వెళ్ళిందనుకున్నాను. వెళ్ళలేదు.

లేచాం. ఊరి నీళ్ళ ట్యాంకంత ఎత్తు కూడా వెళ్ళలేదు, తల మీద ఫెడేల్మని చప్పుడైంది. మూత జానెడు పైకి లేచింది. ఇక ఆ హోరు చెప్పలేను. కాళ్ళకింది దుమ్మూ, తొమ్మిదేళ్ళ రేకు పొట్టూ లేచి కళ్ళలో పడ్డాయి. నా ఒళ్ళోని పటం ఎగిరిపోయింది. వర్లిన్ చేతులు పైకెత్తి మూత అంచు పట్టుకుని కిందికి లాగడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి కాదు, రెండు చేతులూ. నడిపే కర్ర తన మోకాళ్ళ మధ్య ఊరికే ఊగుతోంది. విమానం ముక్కు వంగింది. ఎదురుగా ఆకాశం ఉండాల్సిన చోట మొక్కజొన్న చేను కనబడింది. పూత కూడా విడివిడిగా తెలుస్తోంది.

నేను అరవలేదు. ధైర్యముండి కాదు. ఆ జాబితా నేను టైపు చేసిందే: మూత తెరుచుకుంటే ముట్టుకోవద్దు, ముందు విమానం నడుపు, దిగాక చూసుకో. పిడికిలి బిగించి తన ముంజేతి మీద కొట్టాను.

"వదిలెయ్ వర్లిన్. దాన్నలాగే ఉండనీ. నువ్వు నడుపు."

మాట వినబడిందో దెబ్బే తగిలిందో తెలీదు. చేతులు కిందికి వచ్చాయి. కర్ర పట్టుకున్నాడు. ఆ తర్వాత బాగానే నడిపాడు, ఆ మాట నేను ఎవరితోనైనా చెబుతాను. ముక్కు మెల్లగా లేపి, ఎడమకి తిప్పి, చేల మీదుగా చుట్టు తిరిగి రన్‌వే మీదికి తెచ్చాడు. మూత మా తలల మీద వణుకుతూ అలాగే ఉంది. ఊడిపోలేదు, పగల్లేదు. చక్రాలు నేలకి తగిలాయి.

ఇంజన్ ఆపాడు. వర్లిన్ నావైపు చూడలేదు. డెల్మార్ తన వయసుకి మించిన వేగంతో పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు.

"మూత లేచింది. పట్టుకున్నాను," అన్నాడు వర్లిన్. తర్వాత కొంచెం ఆగి, "మూత దించింది మార్లిస్," అన్నాడు.

రెండోదీ అబద్ధం కాదు. దించింది నేనే.

*

శుక్రవారాలు పొద్దున్న మగవాళ్ళంతా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క హోటల్లో కాఫీకి చేరతారు. ఆ శుక్రవారం వర్లిన్ అక్కడ ఏం చెప్పాడో నేను వినలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక అదే హోటల్లో కాఫీ పోసే ఆర్డిస్ నా పక్కన చేరి, "గడియ మర్చిపోయావట కదే. మా ఆయనైతే నన్నక్కడే బయటికి తోసి మూత వేసుకునేవాడు," అంది.

నవ్వాను. ఊఁ అన్నాను. ఆ ఊఁ అనడం ఎందుకో తర్వాత చాలాసార్లు ఆలోచించాను. నిలబడి మొత్తం విప్పి చెప్పాలంటే ఓపిక కావాలి. ఆ వారమంతా వంటింట్లో ఒక మనిషి తక్కువ. నా కాళ్ళు పొంగి ఉన్నాయి. ఊఁ అంటే ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

ఆగస్టు మొదటి వారానికి కథ పెరిగింది. వర్లిన్ ఎడమచేత్తో మూత పట్టుకుని, కుడిచేత్తో నడుపుతూ, ఏడుస్తున్న పెళ్ళాన్ని ఊరుకోబెడుతూ మూడు మైళ్ళు చుట్టు తిరిగి వచ్చాడట. చెప్పేటప్పుడు తన మొహంలో ఎక్కడా బెరుకు లేదు. నేను పక్కనే ఉన్నప్పుడు కూడా చెప్పాడు. నేను బంగాళదుంపలు చెక్కు తీస్తున్నాను. తీస్తూనే ఉన్నాను.

కానీ జాతరకి వెళ్ళలేదు. ఇంజన్ నూనె కారుతోందన్నాడు. ఒకరోజు భోజనం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు విమానం కింద నేల చూశాను, పొడిగా ఉంది. తర్వాత గాలి ఎక్కువన్నాడు. తర్వాత వేడి ఎక్కువన్నాడు. రోజూ సాయంత్రం షెడ్డుకి వెళ్ళేవాడు, అద్దం తుడిచేవాడు, ఇంటికొచ్చేసేవాడు. భోజనాల దగ్గర తనెందుకు ఎగరడం లేదో నేను అడగలేదు, నేనెందుకు మాట్లాడటం లేదో తను అడగలేదు. ఇద్దరం ఉడికించిన మొక్కజొన్న కంకులు కొరుక్కుంటూ రేడియోలో వాతావరణం వినేవాళ్ళం.

ఆగస్టు మూడో శనివారం ఊరి విమానాల సంఘం వాళ్ళ సమావేశం. ఆ మూత సంగతి అందరికీ చెప్పు, కొత్తగా కట్టుకునేవాళ్ళకి పనికొస్తుందని డెల్మార్ వర్లిన్‌ని అడిగాడు. గురువారం సాయంత్రం వర్లిన్ రెండు కాగితాలు నా టైపు మిషన్ పక్కన పెట్టి షెడ్డుకి వెళ్ళిపోయాడు.

చదివాను. నా భార్య గడియ వెయ్యడం మరిచినది, అని ఉంది. నేను మూతను ఎడమ చేతితో గట్టిగా పట్టుకొంటిని. పట్టు వదలకపోవుటవలననే ఇద్దరమూ బతికితిమి. కాగితం మీద పెట్టేసరికి తనకి పాతకాలపు భాష వచ్చేస్తుంది.

ఇన్నేళ్ళూ తన కాగితాలు టైపు చేసేటప్పుడు అక్షరదోషాలు దిద్దేదాన్ని. ఒక్కోసారి వాక్యాలు కూడా సరిచేసేదాన్ని. తనకి ఎప్పుడూ తెలియలేదు, తెలిసినా అనలేదు. ఆ రోజు ఏమీ దిద్దలేదు. ఎలా రాశాడో అలాగే, తప్పులతో సహా కొట్టి, ఉప్పుబుడ్డి కింద పెట్టి, ఇంకా వెలుతురుండగానే వెళ్ళి పడుకున్నాను.

*

శనివారం పొద్దున్న డెల్మార్ షెడ్డులో ఓ ముప్ఫై మంది చేరారు. మడత కుర్చీలు వేశారు. పాన్‌కేకులూ సాసేజీలూ పెట్టారు. రెండు పెద్ద ఫ్యాన్లు వేడిగాలిని అటూ ఇటూ తోస్తున్నాయి. నేను వెనక వరసలో కాఫీ పట్టుకుని కూర్చున్నాను. నా ముందు కొరీన్ కూర్చుంది. కొరీన్ మా హైస్కూల్లో సైన్సు చెబుతుంది. వాళ్ళ నాన్న పశువుల కొట్టంలో ఒక్కతే ఆరేళ్ళు కష్టపడి ఒంటి సీటు విమానం కట్టుకుంది. వచ్చే వారమే మొదటిసారి ఎగరేస్తుందని అందరికీ తెలుసు. ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుంది.

వర్లిన్ లేచి కాగితం చూసి చదివాడు. గడియ మాట రాగానే జనం వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు, చెడ్డగా కాదు. పట్టు వదలకపోవడం దగ్గరికి వచ్చేసరికి కొరీన్ తల వంచుకుని రాసుకుంటోంది. నేను కూర్చున్న చోటినుంచి ఆ అక్షరాలు కనబడుతున్నాయి. ఎడమచేత్తో లాగి పట్టుకోవాలి. కింద గీత గీసింది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని డెల్మార్ అడిగాడు. కొరీన్ చెయ్యెత్తింది.

"మీకంత బలముంది కాబట్టి సరిపోయింది. నా చేతులకి అంత లేదు," అంది. "మూతకి లోపలినుంచి ఓ తాడు ఉచ్చులా కట్టుకుంటే? లేచినప్పుడు అందులో చెయ్యి దూర్చి లాగి పట్టుకోవచ్చు కదా?"

మంచి ఆలోచనే అన్నాడు ముందు వరసలో ఒకతను. తాడు కంటే తోలుపట్టీ నయం అన్నాడు ఇంకొకతను. ఎంత పొడుగుండాలో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వర్లిన్ ఏమంటావని అందరూ తన వైపు చూశారు. తను కాగితం వైపు చూసుకున్నాడు.

"పట్టు ముఖ్యం," అన్నాడు.

కొరీన్ తోలుపట్టీ అని రాసుకుంది.

నేను కాఫీ కప్పు కుర్చీ కింద పెట్టాను. లేచి నిలబడలేదు.

"పట్టీలేం కట్టకు కొరీన్," అన్నాను. "దాన్నెవరూ పట్టుకోలేరు. పైన గాలే దాన్ని లాగేస్తుంటుంది. వర్లిన్ కూడా వదిలేశాడు. వదిలేశాడు కాబట్టే ఇక్కడున్నాం."

ఆ భయంలో తనకేం గుర్తుంటుంది పాపం అని వర్లిన్ ఒక్క మాట అంటే చాలు, అందరూ నమ్ముతారు. అంటాడనే అనుకున్నాను. అంటే ఏం చెయ్యాలో కూడా నేను ఆలోచించుకోలేదు. బహుశా అప్పుడూ ఊరుకునేదాన్నేమో, నిజం చెబుతున్నాను.

వర్లిన్ కాగితం సగానికి మడిచాడు. మళ్ళీ సగానికి మడిచాడు.

"రెండు చేతులతో లాగాను," అన్నాడు. "కర్ర వదిలేశాను. చేలోకి వెళ్ళిపోతున్నాం. మార్లిస్ నా చేతిమీద కొట్టింది. వదిలెయ్, నువ్వు నడుపు అంది." కాగితం జేబులో పెట్టుకున్నాడు. "గడియ కూడా తను కాదు. నేనే వెయ్యలేదు."

తర్వాత కొరీన్ వైపు తిరిగి, "నువ్వు రాసుకున్నది కొట్టెయ్యమ్మా," అన్నాడు.

కొరీన్ కొట్టేసింది. ఆ పేజీ చింపలేదు, గీతలు పెట్టి కొట్టేసి, కింద ఏదో రాసుకుంది. ఈసారి నాకు కనబడలేదు. డెల్మార్ గొంతు పెద్దది చేసి, కాఫీ ఇంకా ఉంది, పారబొయ్యాల్సి వస్తుంది, తాగండి అన్నాడు. జనం లేచారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. వర్లిన్ భుజం మీద ఎవరో చెయ్యి వేసి వెళ్ళారు. ఆర్డిస్ నా దగ్గరికొచ్చి, "మరి ఊఁ అన్నావేమే?" అంది. ఖాళీ పళ్ళేలు పేరుస్తూ తల ఊపాను.

*

ఇంటికి మా పికప్ ట్రక్కులో వచ్చాం. ఇంటిముందు ఆపాక వర్లిన్ దిగలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి.

"నువ్వు స్పెల్లింగులు కూడా దిద్దలేదు," అన్నాడు.

"నువ్వు రాసిందే కొట్టాను."

"ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అని అడిగాడు.

ఏవని నేను అడగలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. ఉన్నాయన్నాను. రేపు పొద్దున్న ఆరింటికి డ్యూటీ ఉంది, ఇప్పుడొద్దన్నాను.

"ఒక్కటి చెప్పు."

అన్నిటికంటే చిన్నది వెతికాను. "మన పెళ్ళిలో నువ్వు నాకోసం పాట పాడావని చెబుతావు కదా. పాడలేదు."

"పాడలేదా?"

"గొంతు పెగల్లేదు నీకు. నిలబడి నోరు తెరిచావు, రాలేదు. మా నాన్న అందుకుని పాడాడు."

వర్లిన్ నావైపు తిరిగాడు. నటన కాదు. నిజంగా తెలీదు తనకి. కళ్ళు చిన్నవి చేసి ఆ రోజుని వెతుక్కుంటున్నాడు. నాకు అప్పుడు భయమేసింది, విమానంలో వేసినదానికంటే ఎక్కువ. ఇన్నాళ్ళూ తను అబద్ధం చెబుతున్నాడనీ, నేను ఓర్చుకుంటున్నాననీ అనుకుంటూ వచ్చాను. తను చెప్పినప్పుడల్లా నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. నేను ఊరుకుంటే అది నిజమే అయ్యుంటుందని తను అనుకున్నాడు.

"అప్పుడే చెప్పొచ్చుగా, మార్లిస్," అన్నాడు. కోపంగా అనలేదు.

"అలిసిపోయి ఉన్నాను," అన్నాను.

"ముప్ఫై నాలుగేళ్ళూనా?"

తలుపు తీసుకుని దిగాను. లోపలికెళ్ళి బూట్లతోనే సోఫాలో వాలి నిద్రపోయాను. లేచేసరికి నా బూట్లు విప్పి పక్కన పెట్టి ఉన్నాయి. వర్లిన్ వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చుని, మడతలు పడ్డ ఆ కాగితం ముందు పెట్టుకుని, పెన్సిల్‌తో దిద్దుకుంటున్నాడు.

కొరీన్ చెప్పిన రోజుకే ఎగిరింది. ఆమె మూత ఎప్పుడూ తెరుచుకోలేదు. వర్లిన్ రెండు వారాలు శుక్రవారం కాఫీకి వెళ్ళలేదు, తర్వాత వెళ్ళడం మొదలుపెట్టాడు. తక్కువ మాట్లాడుతున్నాడని ఆర్డిస్ చెప్పింది. ఇంట్లో అప్పుడప్పుడు ఏదో చెబుతూ మధ్యలో ఆగి నా వైపు చూసేవాడు. నేను ఒక్కోసారి అవుననేదాన్ని, ఒక్కోసారి కాదనేదాన్ని. కాదన్న రోజుల్లో భోజనం ఆలస్యమయ్యేది. సులువేం కాదు అది, ఇద్దరికీ. ఊఁ అనడమే నయమనిపించిన రోజులూ ఉన్నాయి.

అక్టోబరులో మొక్కజొన్న కోతలు అయిపోయాయి. చేలన్నీ బోసిగా, ఎటు చూసినా దూరం కనబడేలా అయ్యాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. వర్లిన్ కోటు వేసుకుంటూ, వస్తావా అని అడిగాడు. రాను, కాళ్ళు లాగుతున్నాయన్నాను. సరేనన్నాడు. బతిమాలలేదు. జులై తర్వాత ఎగరడం అదే మొదటిసారి. డెల్మార్ కూతురి ఊరికి వెళ్ళాడు కాబట్టి షెడ్ల దగ్గర ఎవరూ ఉండరని నాకు తెలుసు. ఆ సంగతి తనకీ తెలుసు.

రెండు గంటల తర్వాత వచ్చాడు. నేను బేసిన్‌లో వేడినీళ్ళు పోసుకుని కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. తను చేతులు కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"దిగేటప్పుడు రెండుసార్లు ఎగిరిపడింది," అన్నాడు. "గాలేం లేదు. నేనే సరిగ్గా దించలేదు. చేతులు వణికాయి."

"ఎవరైనా చూశారా?"

"లేదు," అన్నాడు. "ఎవరూ లేరు."

కెటిల్ తెచ్చి, నీళ్ళు చల్లారాయా అని అడిగి, నా కాళ్ళకి తగలకుండా పక్కనుంచి ఇంకొంచెం పోశాడు.